టైల్స్ కింద చావిడి

(అనకాపల్లి, 2006. పాత బెల్లం చావిడి ఎదుట టీ కొట్టు. మాట్లాడుకుంటున్నది చావిడిలో బెల్లం కొట్టున్న చిన్నారావు, అతని బావమరిది తాపీమేస్త్రీ సత్తియ్య.)

"...ఛీ! డోకొత్తంది ఈ మున్సిపాల్టీవోళ్ళని సూత్తంటే. సావిడి కూల్చి షాపింగ్ కాంప్లెక్సంట! మా తాత బెల్లం దిమ్మలు తూసిన సోట లిఫ్టెడతారంట! టీ కూడా సేదెక్కిపోతంది నోట్లో."

"పంచదార ఇంకో సెంచా ఎయ్యమంటాను బావా."

"పంచదారా? ఈ ఊళ్ళో కూకుని? నువ్వూ మున్సిపాల్టీవోడిలాగే తయారయ్యేవు."

"సరే, సరే."

"సరిత్ర తెలీదురా ఎదవలకి. పాత గోడ కనబడితే పొక్లెయినే! పోనీ, ఆ పాత కట్టడాల ఆఫీసరేటన్నాడు?"

"ఎవరు?"

"విశాపట్నం నించొచ్చినోడ్రా! పొద్దున్న నీతోనే కదా మాటాడేడు."

"ఆ... ఆయనా? నూరేళ్ళు దాటిందని రుజువుంటే ముట్టుకోనివ్వనన్నాడు. కట్టిన సమచ్చరం గోడ మీద సూపించాలంట. సాయంత్రం లోపు."

"ఉందిరా! గుమ్మం పై రాయి మీద సెక్కించేరని మా తాత సెప్పేవోడు. ఉలి తే. దాని మీదేసిన టైల్సు పీకీ."

"టీ సల్లారిపోతంది, తాగు."

"టీ ఎవడిక్కావాలి? పీకమంటన్నాను!"

"మొన్న అసలా టైల్సెందుకేయించేవు బావా?"

"ఎందుకేటి? పాతదాన్లా కనబడితే కూల్చేత్తారని! కొత్తదనుకుని వదిలేత్తారనుకున్నాను. కొత్తదైతే ఇంకా సులువు, కూల్చీ అంటారని నాకేటి తెలుసు? తూ! పద."

"అప్పుడు గుమ్మం మీద అంకెలేటీ కనబళ్ళేదు కదా."

"లేవు. ఏవో వంకర గీతలున్నాయి, వానపాముల్లాగ. అంకెలు ఆ పక్కెక్కడో ఉంటాయి."

"ఆఫీసరు కాయితమ్మీద రాసిచ్చేడు. పాత రోజుల్లో సమచ్చరం ఇలాగ సెక్కేవోరంట. సూడు."

"ఏటివి? వానపాములే... ఇదేం భాషరా?"

"తెలుగే బావా. తెలుగంకెలంట."

"తెలుగా?"

"తెలుగే."

"...మరింకేటి! టైల్సు కిందే ఉన్నాయి కదా. పీకరా సత్తియ్యా, సూత్తావేం?"

"ఉబ్బెత్తు గీతల మీద టైలు కూకోదని, ఆటిని నున్నగా సెక్కీమన్నావు. వద్దు బావా అన్నాను. ఆరోజు నిచ్చెన కదలకుండా పట్టుకున్నది నువ్వే."