గురువాకర్షణ

హలో… ఆ, నేనే అల్లుడుగారూ, మామయ్యని. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నారని తెలుసు, ఏమీ అనుకోకండి. ముందు ఒకటి చెప్పండి — నా మనవరాలు, పిచిక ఎక్కడుంది?

…గదిలోనా? చూసి చెబుతున్నారా, ఉంటుందనుకుని చెబుతున్నారా?

…అయితే లేచి చూడండి. ఫోను పెట్టేయకండి, నడుస్తూ వినండి.

అది రోజూ చూస్తుందే, గాలిపక్షి బొమ్మల సీరియల్… ఆ, అదే. నిన్నటి భాగంలో రాకుమారి కళ్ళు మూసుకుని బురుజు మీంచి దూకేస్తుంది. నమ్మకం ఉన్నవాళ్ళని గాలిపక్షి పట్టుకుంటుందట. నెట్‌లో దాని కింద, చూసినవాళ్ళు అభిప్రాయాలు రాశారు…

…అవును, నేనూ రాశాను. పని లేక కాదు. మీరిప్పుడు నవ్వకండి.

ఒకాయన సంగీతం బాగుందన్నాడు. ఒకావిడ ఏడ్చేశానంది. పక్షి రెక్కల రంగు మారిపోయిందని ఇంకొకరి గొడవ. నేను రాసింది ఒక్కటే — మనం ఎంత నమ్మినా గురుత్వాకర్షణ ఊరుకోదని. దానికి ‘గాలిరాణి’ అని ఎవరో ఎదురు చెప్పారు. ఎవరో పెద్దమనిషే అనుకుని నేనూ తగ్గలేదు. రుజువు ఉంటే చూపించమన్నాను.

…గదిలో లేదా? స్నానాలగది? …వంటింట్లో చూడండి.

ఆ గాలిరాణి ఇప్పుడే జవాబిచ్చింది. ఉన్నదున్నట్టు చదువుతున్నాను — ‘గురువాకర్షణ నమ్మనివాళ్ళకే. ఇప్పుడే మా మేడ మీద రుజువు చూపిస్తా.’

…అచ్చుతప్పు కాదండీ. గురువాకర్షణే. గురువులు పిల్లల్ని కిందకి లాగడమని దాని అర్థం. నేను ఎన్నిసార్లు దిద్దినా అదే మాట. మన పిచిక తప్ప ఇంకెవరూ అలా అనగా నేను వినలేదు.

…మా అమ్మాయి ఆఫీసుకెళ్తూ ఇంట్లో వదిలిన ట్యాబ్ మంచం మీదే ఉందా? ముట్టుకుని చూడండి. …ఇంకా వెచ్చగానే ఉందా.

మెట్లెక్కండి. చెప్పులు విప్పేయండి. పిలవకండి, అరవకండి. ఉలిక్కిపడిందంటే…

…తలుపు తీసే ఉందా.

…ఎక్కడ? పిట్టగోడ మీదా? కూర్చునా, నిలబడా?

…కళ్ళు మూసుకుందా.

ఆగండి. అక్కడే. పరుగెత్తకండి, మీరు చేరేలోపు… వద్దు. స్పీకర్ పెట్టి ఫోను పైకెత్తి పట్టుకోండి. నేను మాట్లాడుతుంటాను, మీరు మెల్లగా ఆరేసిన దుప్పట్ల చాటున ముందుకెళ్ళండి.

పిచికా… నేనమ్మా, తాతయ్యని.

…తిట్టడానికి కాదు. నువ్వు రాసింది చదివాను. బాగా రాశావు.

…అవును. ఆ మొండి మనిషిని నేనే.

…చూపించక్కర్లేదమ్మా. నాకు రుజువు అక్కర్లేదు. నమ్ముతున్నాను.

…పక్షినా? ఆ… పక్షినీ నమ్ముతున్నాను.

…గొంతా? కాస్త జలుబు చేసింది.

…ఒట్టా? నేను ఒట్లు పెట్టనని నీకు తెలుసుగా… సరే. సరే తల్లీ. ఒట్టు. నీ మీద ఒట్టు.

…అవును, నువ్వే గెలిచావు. ఓడిపోయానని అందరూ చదివేట్టు రాస్తాను. ఇప్పుడు కళ్ళు తెరువు. కిందకి చూడకు, తలుపు వైపు చూడు. మెల్లగా, ఉన్నచోటే కూర్చో. కూర్చుని—

…పిచికా?

…ఏమిటా చప్పుడు? పిచికా… అల్లుడుగారూ… ఎవరో ఒకరు మాట్లాడండి.

…

…పడింది ఫోనేనా? ఫోనొక్కటేనా?

…పట్టుకున్నారా. రెండు చేతులతోనా?

ఏడవనివ్వండి. మీరూ కూర్చోండి, ఆ నేల మీదే. నాకేం కాలేదు. నేనూ ఇక్కడ కూర్చున్నాను, అంతే.

…ఏమంటోంది? సరిగ్గా వినబడలేదు, మళ్ళీ చెప్పండి.

…‘తాతయ్య రుజువు లేనిదే ఏదీ నమ్మడు. తాతయ్యే నమ్మాడంటే పక్షి నిజంగా ఉన్నట్టే’ అంటోందా.

…లేదు, మీరేం చెప్పకండి. మీరు చెబితే వినదు. మేడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. కిటికీలు కూడా. ఆ మాట అబద్ధమని నేనే ఎదురుగా కూర్చుని చెప్పాలి. చొక్కా తొడుక్కుంటున్నా, వస్తున్నా.

…అల్లుడుగారూ, నేను వచ్చేదాకా దాని చెయ్యి మాత్రం వదలకండి… పెట్టేస్తున్నా.