ఎలీషబా పేరు మీద

ఏందే జెస్సీ, పరీక్షకి పిలవను నర్సమ్మ వస్తే నువ్వు ఊర్లో లేవని చెప్పాలా? చెప్తాలే, అబద్ధం నాకేం కొత్తా. కూచో. మీ అమ్మ పోయి ఎనిమిదేళ్లయింది, ఈ సంగతి నీకు చెప్పకుండానే నేనూ పోతానేమో అనుకున్నా.

అప్పుడూ ఇట్లనే, గర్భసంచి క్యాన్సర్ పరీక్షలని మన బడిలో క్యాంపు పెట్టినారు. తలుపు లేని గది, అడ్డంగా ఒక దుప్పటి. మీ అమ్మ ఎలీషబా ఆ దుప్పటి చూసి వెనక్కి తిరిగింది. సిగ్గనుకున్నా. ముట్లాగిన ఆరేళ్లకి మళ్లీ మైల కనబడతా ఉందని నాక్కూడా చెప్పలా. మన గుడిలో ముట్టున్న ఆడది ప్రభు బల్లకి, రొట్టె తీసుకోను, రాగూడదు గదా, బయటపడితే ఇంక జన్మంతా వెనక చాప మీదేనని దాని భయం. ఆ కట్టుబాటు పెట్టినోళ్లు ఒక్కనాడన్నా మైలగుడ్డ ఉతికినారా, ఏందిలే. నా పరీక్ష అయినాక, నా పేరు మీద కూడా నువ్వే పోయిరా వదినా, మొహం ఎవరు చూస్తారని బతిమాలింది. మధ్యాహ్నం నర్సు మారింది. చీర మార్చుకుని పోయినా. ఫోన్ నెంబరడిగితే నాదే ఇచ్చినా.

రెండు చీటీలొచ్చినయ్, రెండిట్లోనూ ఏమీ లేదని. దాని చీటీ బైబిల్లో పెట్టుకుంది. ఆ చీటీని అది నమ్మింది జెస్సీ. మంచాన పడి, గదంతా వాసనొస్తా ఉంటే, మడత విప్పి నాకే చదివి వినిపించేది.

"నాకేం లేదంట వదినా. చూడు, నా పేరే ఉంది."

అది నా ఒళ్లు చెప్పిన మాటే పిచ్చిదానా అంటే నవ్వేది. మార్కాపురం ఆసుపత్రికి తీసకపోయేసరికి చేయి దాటిపోయింది.

అది పోయిన మూడో ఏడు నాకు ఫోనొచ్చింది, ఎలీషబా గారేనా, మళ్లీ పరీక్షకి రావాలని. చచ్చిపోయిందమ్మా అన్నా. ఆ పిల్ల కంప్యూటర్లో ఏందో నొక్కి చూసి, "మా దాంట్లో బాగానే ఉన్నారండీ" అంది. ఏటేటా అదే పిలుపు. నిరుడు చెప్పలేక, ఔను, నేనే అన్నా. నోరు నాదే. గొంతు మీ అమ్మది.

నిన్న మీ తీగ మీద చూసినా, చీర కింద దాచి ఆరేసిన పాతగుడ్డలు. ఈ నెలకి మూడోసారి. మీ అమ్మా అట్లనే దాచి ఆరేసేది. పోయిన ఆదివారం బల్లకి లేవలేదు నువ్వు, వెనక చాప మీదే కూచున్నావు.

అదిగో, మోగతా ఉంది. అదే నెంబరు. నువ్వెత్తు. మీ అమ్మ ఉందో లేదో నువ్వే చెప్పు, నేనింక ఎవరి పేరు మీదా...

నర్సమ్మ దగ్గరికి నీ ఎంబడి నేనూ వస్తా, నా చెప్పులు యాడ పెట్టినావే?