సారు రాని మీటింగు

అత్తా, ఆ తాగుడు మానినవాళ్ల మీటింగుకి నువ్వెలా వెళ్లేవు? ఎవరు చెప్పేరు?

ఎవరు చెప్తారే, పాస్టరమ్మ చెప్పింది. మన ప్రకాశు తాగుడు సంగతి ఆవిడ దగ్గర ఏడ్చేను గదా. ఉపవాస ప్రార్థనలు అయిపోయేయి, ఆస్పత్రి మాత్రలు అయిపోయేయి. ఆ మాత్రలు వాడు ఇలా నోట్లో వేసుకుని అలా ఊసీసేవాడు. అప్పుడు ఆవిడ, "బతు బస్తీలో శనివారం సాయంత్రం బడి వెనకాల గదిలో కూర్చుంటారంటమ్మా, ఇంట్లోవాళ్లు కూడా రావొచ్చంట, ఓసారి చూడండి" అంది. వాడేమో రంగత్‌లో, పూటంతా బస్సు దూరాన, మన దుకాణంలో. నేనేమో ఇక్కడ బ్రూక్షాబాద్‌లో. వాణ్ణి పంపేముందు అది మంచి చోటో కాదో నేను చూసుకోవద్దా? పదో ఏట వాణ్ణి విశాఖలో హాస్టల్లో వేసేము... కాదు కాదు, పదకొండు. ఈ దీవుల్లో చదువేముందని మీ నాన్నే ఓడెక్కించేడు. అప్పట్నుంచి ఫోన్లోనే పెంచేను వాణ్ణి. తిన్నావా, తలకి నూనె రాసుకున్నావా, వానలో తడిసేవా... మీ మావయ్య పోయేక దుకాణం చూసుకుంటానని రంగత్ వచ్చేడు. అప్పుడూ ఫోనే.

మరి ఆ గది ఎక్కడో ఎవర్ని అడుగుతాను? మన ఊళ్లో దారి అడిగితే ఇంటిగుట్టు చెప్పుకున్నట్టే గదా. అందుకని రోజూ ఎక్కే ఆటో భయ్యాని ఆ బడి పక్కనున్న దర్జీ దుకాణం దగ్గర దింపమన్నాను. అబద్ధం అవకూడదని జాకెట్టు గుడ్డ కూడా సంచిలో పెట్టుకున్నాను. నిజంగానే కుట్టడానికి ఇచ్చేనే. బిగుతుగా కుట్టీసేడు, అది వేరే సంగతి.

లోపల ఓ పదిమంది దాకా ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసేరు. నేనలా ఓ మూల కూర్చున్నానో లేదో, ఆ ఆటో భయ్యా లోపలికొచ్చేడు! పేరు అడక్కు, అక్కడి పేర్లు బయట చెప్పకూడదు. నన్ను చూసి, "దీదీ, దర్జీ దగ్గరికన్నారు?" అన్నాడు.

"నువ్వు బేరం ఉందని వెళ్లేవు?" అన్నాను.

"ఇదే నా బేరం" అని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఒకాయన తన సంగతి చెప్పేడు. హిందీలోనే. తర్వాత ఇంకొకాయన. సారు ఇంకా రాలేదు గావాల, ఈలోగా వీళ్లు ఊసుపోక మాట్లాడుకుంటన్నారనుకున్నాను. డాక్టరో, ఆఫీసరో వస్తాడు, రాసుకుంటాడు, చీటీ ఇస్తాడు, అంతే గదా మరి. గుమ్మంకేసే చూస్తన్నాను. పక్కనున్న ఆవిణ్ణి అడిగేను, "సార్ కబ్ ఆయేంగే?" అని, సారెప్పుడొస్తాడని.

"కోయీ సార్ నహీ, అమ్మా. హమ్ హీ హై" అంది. మేమే అంట! సారు లేకుండా రోగం ఎలా కుదురుతాదే?

నా వంతు వచ్చింది. మా అబ్బాయి ప్రకాశు రంగత్‌లో, అని మొదలెట్టేనో లేదో, ఆ పక్కావిడ మెల్లిగా, "అబ్బాయి మాట వద్దమ్మా, అప్నీ బాత్ బోలియే" అంది. నా మాటా? నా మాట ఏటుంది? "నేను తాగను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. "నేను ఫోన్ చేస్తాను" అన్నాను. "రోజూ చేస్తాను. గొంతు బట్టి తాగేడో లేదో కనిపెడతాను. తర్వాత రంగత్ బస్సు డ్రైవరుకి చేస్తాను. మావాడు దుకాణం తెరిచేడా, మొహం ఎలాగుంది అని." ఆ డ్రైవరు చేత గోంగూర పచ్చడి పంపేదాన్ని తెలుసా. మీ తాత రోజుల్లో డబ్బా ఊరికే తీసుకెళ్లి ఇచ్చేవారు, ఇప్పుడు వంద అడుగుతున్నారు. పచ్చడి కోసమనుకున్నావా? వాణ్ణి చూసొచ్చి చెప్తాడని. అదీ చెప్పీసేను. ఏడుపొచ్చీసింది. అందరూ "థాంక్యూ అమ్మా" అన్నారు. దేనికీ థాంక్యూ?

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగేను, "నువ్వెలా మానేవు భయ్యా?" అని.

"పతా నహీ, దీదీ." తెలీదంట!

"మీ అమ్మ ఏం చేసేది?"

"నా చెప్పులు దాచేది."

"మరి?"

"ఒట్టికాళ్లతో వెళ్లేవాణ్ణి."

చూడు మరి! మందు అడిగితే పొడుపుకథ చెప్పినట్టుంది. దీన్నిబట్టి నేనేం చెయ్యాల?

మర్నాడు ఆ బస్సు డ్రైవరే ఫోన్ చేసేడు. "ఆంటీ, మీవాడు ఇవాళ..." అంటన్నాడు. "చెప్పకు బాబూ" అనీసేను. ఎందుకన్నానో నాకే తెలీదు. తర్వాత కాలు నిలవలేదు. తల్లి అడక్కపోతే ఇంకెవరడుగుతారు? వాణ్ణి వదిలేసినట్టా, ఏటి? ఆ రోజు వాడికీ ఫోన్ చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు.

అప్పుడు వాడే చేసేడు. "అమ్మా, ఒంట్లో బాగోలేదా? ఫోన్ లేదేం?"

"బాగానే ఉన్నాన్రా. తాగేవాళ్ల మీటింగుకి వెళ్లొచ్చేను."

"అమ్మా... నువ్వు తాగుతున్నావా?"

ఓరి దేవుడా! నవ్వాగలేదు నాకు. వాడూ నవ్వేడు. వాడి నవ్వు విని ఎన్నాళ్లయిందో. తర్వాత గొంతు తగ్గించి, "అక్కడ ఏం అడుగుతారమ్మా?" అన్నాడు.

"ఏటీ అడగర్రా. అందుకే నాకేమీ అర్థం కాలేదు" అన్నాను. నువ్వూ వెళ్లరా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగీసేను.

ఇంకో శనివారం, తెల్లారే బస్సెక్కి వాడంతట వాడే వచ్చేడే. నా పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడేడో నీకు చెప్పకూడదు. ఇప్పుడు కొన్ని వారాలు వస్తాడు, కొన్ని వారాలు రాడు.

మరి మానేసేడా అత్తా?

తెలీదే తల్లీ. అడగలేదు. అడగాలని ప్రాణం కొట్టుకుంటాది. అడక్కపోవడం మంచిదో, ఆ మీటింగోళ్ల మాట విని నేను చెడిపోతున్నానో, అదీ తెలీదు. మొన్న వాడే ఫోన్ చేసి, "అమ్మా, ఈ వారం బాగా లేదమ్మా. తప్పింది, తాగేను" అన్నాడు. ఇన్నేళ్లలో వాడంతట వాడు చెప్పడం అదే మొదలు. ఏడవాలో సంతోషించాలో... "సరే నాన్నా, చెప్పేవు గదా" అన్నాను.

నీ పిల్లలు చల్లగా ఉండాలే. నువ్వు అడక్కుండానే నీకన్నీ చెప్పుకోవాల. మంచివే కాదు... అన్నీ.