శబ్దానికి ఫోటో

అది మరక కాదమ్మా, బొట్టు! ఎన్నిసార్లు చెప్పాలి, ఎవరికని చెప్పాలి? నీ చేతిలో ఫోనుకి తెలీదు సరే, నువ్వయినా ఈ పెందుర్తి గాలి పీల్చినదానివే కదా. కొత్త మిక్సీ ఇంటికొస్తే మీ ఇంట్లో పసుపు రాసి కుంకం పెట్టరేటి? పెడతారు కదా! మరి దాన్ని పట్టుకొని 'మరకలున్నాయి, వాడిన వస్తువులా కనిపిస్తోంది' అంటే ఏటనుకోవాలి?

కూర్చో తల్లీ. ఆ హెల్మెట్టు అరుగు మీద పెట్టు. నీ పేరేటన్నావు, నాగశ్రీ కదా? బాగుంది. గేటు తీస్తూనే బాబాయ్ అన్నావు చూడు, అదింకా బాగుంది.

ఇంకా ఎన్నిళ్లకి వెళ్లాలి నువ్వు? పధ్నాలుగా! అయితే తొందరగా చెప్పీస్తాను. తొందరగా చెప్పడం నాకు చేతకాదు. ప్రయత్నిస్తాను.

చూడూ, ఈ మిక్సీని వెనక్కి తీసుకోడానికి ఇవాళే ఆఖరు రోజు. నువ్వు దీన్ని పట్టుకెళ్లకపోతే రేపు నా చెవిలోకి మిషనొస్తాది. అదీ పందెం. నవ్వకు, నిజం.

మీ పిన్నికి, అంటే లోపల గిన్నెలు సర్దుతున్న మా గౌరీశ్వరికి, నా చెవి మీద నమ్మకం పోయింది. నాలుగు నెలల కిందట సీతమ్మధార తీసుకెళ్లి చెవి డాక్టరుకి చూపించింది. ఒక గాజుగదిలో కూర్చోబెట్టి, కూత వినిపించినప్పుడల్లా బటను నొక్కమన్నారు. నొక్కేను. వినిపించినంత మటుకు నొక్కేను. బయటికొచ్చాక చేతిలో ఒక గీతల కాయితం పెట్టేరమ్మా, ఆ గీత కైలాసగిరి కొండ మీంచి రోడ్డు కిందికి దిగిపోతన్నట్టుంది. మిషను పెట్టుకోవాలన్నారు. ఆ కాయితం ఫ్రిజ్జు తలుపుకి అయస్కాంతంతో అంటించీసింది గౌరి. పాలు తీసుకోవాలంటే దాని మొహం చూడాలి.

నాకేటి అవసరం అన్నాను. ముప్ఫయ్యేళ్లు ఈ చెవితో అన్నం తిన్నవాణ్ణి. గాజువాక వైపు ఒక రోలింగు మిల్లులో మోటార్ల చప్పుడు వినడమే నా పని.

అదేం పనంటావా? అందరూ అలగే అడుగుతారు. ఈ రాడ్డు చూడు. మూరెడు ఉక్కు కడ్డీ, ఒక కొసకి చెక్క గుండు. మా పోలిరాజు బావ లేతు మీద తిప్పి ఇచ్చేడు. కడ్డీ కొస తిరుగుతన్న మోటారుకి ఆనించి, ఈ గుండు చెవికి ఆనించుకుంటే, లోపల బేరింగు ఎలగుందో చెప్తాది. డాక్టరు గుండె చూసినట్టే. కాకపోతే మా పేషెంటు మంచం మీద పడుకోదు, నిమిషానికి వెయ్యిసార్లు తిరుగుతాది.

ఒకరోజు పెద్ద మోటారు ఆపమన్నాను. ఇంజనీరుగారు పైకీ కిందకీ చూసి, "బాగానే తిరుగుతోంది కదా నరసింహమూర్తీ, ఏం కనిపించింది నీకు?" అన్నారు. కనిపించలేదండి, వినిపించింది అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క నిమిషం చూసి, ఆపించీసేరు. విప్పి చూస్తే బేరింగు పగిలి ముక్కలు. ఆయన నన్ను మెచ్చుకోలేదమ్మా, భుజం తట్టలేదు. "సరే, భోంచేసిరా" అన్నారంతే. నాకు ఇప్పటికీ అనిపిస్తాది, నా జీతం కన్నా ఆయన నా మొహంలోకి చూసిన ఆ ఒక్క నిమిషమే పెద్దదని.

ఆ రోజు ఎవరూ ఫోటో అడగలేదు.

మిక్సీ సంగతికి వస్తన్నాను, వచ్చీసేను. గౌరికి మణికట్టు నొప్పి. అందుకని పొద్దున్న పచ్చడి నాను తిప్పుతాను. ఈ కొత్త మిక్సీ వచ్చిన రెండో రోజే నాకు తెలిసిపోయింది, లోపల బుష్షు, అదే, తిరిగే ఇరుసుని పట్టుకునే గొట్టం, సరిగ్గా కూర్చోలేదని. గౌరికి చెప్పేను. తను ఏటన్నాదో తెలుసా?

"మిక్సీ అంటేనే మోత. మోత లేకపోతే పచ్చడెలగవుతాది? మీ సెవి బాగోలేక మిక్సీకి వంకలెడతన్నారు!"

మోత వేరు, మూలుగు వేరు అన్నాను. వినదే! పక్కింటి ప్రేమలీలగారిని పిలుచుకొచ్చింది. ఆవిడ చర్చిలో పాడతారు. ఆవిడ చెవి మీద మా వీధి వీధికీ గురి. ఆవిడ కళ్లు మూసుకొని విని, "బానే ఉందన్నయ్యగారూ, శ్రుతి మీదే ఉంది" అనీసేరు. ఇంకేం, గౌరి నడుం మీద చెయ్యెట్టుకొని పందెం కాసింది. కంపెనీ వాళ్లు లోపం ఉందని ఒప్పుకొని పట్టుకెళ్తే నా చెవి గెలిచినట్టు. లేదంటే మర్నాడే సీతమ్మధార. సరే అన్నాను. ఎంత పనయ్యా అనుకున్నాను.

అప్పుడు తెరిచేను తల్లీ, ఈ ఫోనులో కంపెనీవాళ్ల యాపు.

నాలుగు ఫోటోలు కావాలన్నాది. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, అడుగున అంకెల స్టిక్కరుది ఒకటి. నాలుగోది, లోపం స్పష్టంగా కనిపించేలా. కనిపించేలా! లోపం శబ్దంలో ఉంది కదమ్మా. శబ్దానికి ఫోటో ఎలగ తీస్తారు, నువ్వు చెప్పు? పోనీ రాసి చెప్పుకుందామంటే, నాలుగు ఫోటోలూ పడితే గానీ రాసే గడి తెరుచుకోదట.

మొదటి ఫోటో తీసేను. మరకలు, కుదరదు అన్నాది. గౌరీ, కాస్త ఆ బొట్టు తుడిచీవే అన్నాను. అనకూడని మాట అన్నట్టు చూసింది.

"పెట్టిన సేత్తో బొట్టు తుడిసెయ్యమంటారేటండీ? ఏటా మాటలు? ఇంట్లో ఆడమనిషుంది!"

ఇప్పుడు ఏటి దారి? బొట్టు తుడవకూడదు, తుడవకపోతే ఫోటో పడదు. బొట్ల మీద వేళ్లు అడ్డం పెట్టి తీస్తే, వేళ్లున్నాయి అన్నాది. ఆఖరికి గౌరే దారి చెప్పింది. వినాయకుడికి ఉద్వాసన చెప్తాం కదా, అలగే మిక్సీని రవ్వంత పక్కకి జరిపి, రెండు అక్షింతలేసి, "వెళ్లిరా తల్లీ" అని దణ్ణం పెట్టింది. అప్పుడు తుడిచింది. పసుపు మరి తెల్లటి ప్లాస్టిక్కుని వదుల్తాదా? ఆ పచ్చదనమే ఇప్పుడు నువ్వు చూస్తన్నది. ఉద్వాసన అయిపోయిన మిక్సీ అది. వెనక్కి పంపకపోతే మళ్లీ ప్రతిష్ఠ చెయ్యాలి.

వెనక ఏ వస్తువూ ఉండకూడదన్నాది. నా తెల్ల పంచె ఒక కొస గౌరి, ఒక కొస ప్రేమలీలగారు పట్టుకొని నించున్నారు, పెళ్లిలో అడ్డుతెరలాగ. మధ్యలో మిక్సీ. ఎదురుగా వంగిపోయి నాను. ప్రేమలీలగారికి నవ్వాగక పంచె ఊగుతోంది, ఫోటో అలుక్కుపోతోంది. "కదలకండి!" అని నాను అరవడం, "మేం కదలట్లేదు, మీ చెయ్యే వణుకుతన్నాది" అని వీళ్లనడం. స్టిక్కరు ఫోటోకి నా నీడ పడింది. అటు తిరిగితే ఎండ పడింది. ఎప్పుడూ ఇంత తీరిగ్గా ఒక మిక్సీ అడుగుభాగాన్ని చూడలేదమ్మా జీవితంలో.

మూడు ఫోటోలు పడ్డాయి. నాలుగోది మిగిలింది.

ఆలోచించేను. లోపం కనిపించదు, కానీ లోపాన్ని వినే మనిషి కనిపిస్తాడు కదా అనుకున్నాను. రాడ్డు మిక్సీకి ఆనించి, గుండు చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని కూర్చున్నాను. గౌరి తీసింది. తను తీసిన మొట్టమొదటి ఫోటో అది. ఎంత బాగా వచ్చేననుకున్నావు! మిల్లులో ముప్ఫయ్యేళ్లు పనిచేసేను, పని చేస్తన్నప్పుడు నన్నెవరూ ఫోటో తియ్యలేదు. ఇదిగో, చూడు. ఏదో జపంలో ఉన్నవాడిలాగున్నాను కదూ?

'చిత్రంలో వ్యక్తి ఉన్నారు. దయచేసి వస్తువును మాత్రమే చూపండి.'

అలగన్నాది. అంటే మనిషి అడ్డమన్నమాట. నాకు కోపం రాలేదమ్మా. నమ్మడమంటే ఏటని ఆలోచించేను. కళ్లకి కనిపించిందాన్ని ఒప్పుకుంటే అది నమ్మకం ఎలగవుతాది? అది చూడ్డమే కదా. కనిపించనిదాన్ని ఒక మనిషి చెప్తే ఒప్పుకోడం, అదీ నమ్మకం. ఆ ఇంజనీరుగారికి తెలుసు అది. పాపం ఈ ఫోనుకేం తెలుసు, దానికి మొహమే లేదు, నా మొహంలోకి ఏం చూస్తాది?

అప్పుడొక బుద్ధి పుట్టింది. తెల్ల కాయితం తీసేను. మిల్లులో రిపోర్టు రాసేవాణ్ణి కదా, అలగే రాసేను. 'బుష్షు వైపు అసాధారణ శబ్దం. ఆపిన తరువాత స్పష్టం. పరీక్షించినవారు నరసింహమూర్తి.' సంతకం, తేదీ. ఆ కాయితాన్ని మిక్సీకి ఆనించి ఫోటో తీసి పంపేను.

పడిపోయింది! 'ధన్యవాదాలు' అన్నాది! నా మాట వినను అన్నది, నా మాటకి ఫోటో తీస్తే పుచ్చుకుంది. గౌరి కూడా నవ్వింది. "పంపడం వరకే, ఒచ్చినోళ్లు ఒప్పుకోవాల కదా" అన్నాది వెంటనే.

ఆ వచ్చినదానివి నువ్వు.

ఏటి, ఆన్ చేసి చూడాలా? చూడమ్మా, చూడు. జారులో కాస్త నీళ్లు పోసే ఉంచేను. తిప్పు.

...

అలగ తల ఊపుతావేటి? ఏం వినపడలేదా? బాగానే ఉందంటావా? ఆగు, ఆగు! 'లోపం లేదు' మీద వేలు పెట్టకు తల్లీ. నీ కాళ్లు పట్టుకోను గానీ, ఈ రాడ్డు ఒక్కసారి పట్టుకో. పధ్నాలుగిళ్లున్నాయి, తెలుసు. ఒక్క నిమిషం. ఆ ఇంజనీరుగారు నాకిచ్చింది కూడా అంతే.

గుండు చెవికి పెట్టు. లోపలికి పొడవకు, చెవి ముందున్న ఎముక మీద ఆనించు, అదీ. కొస ఇక్కడ, జారు కింద. తిరుగుతన్నప్పుడు ఏమీ వినకు, ఆ మోతలో నాకూ ఏం తెలీదు. నాను ఆపుతాను. ఆపేక, అది నెమ్మదిస్తాది చూడు, అప్పుడు విను. ఆగిపోయేముందే అసలు మాట చెప్తాది.

ఇదిగో ఆపేను.

...

ఏటి? ఏటయింది? మొహం అలగ పెట్టేవేటి? గరగరమన్నాదా! ఇసక రాసినట్టా? ఆఖర్న టక్కుమని ఒకటి తగిలి ఆగిందా? అదే! అదేనమ్మా! మళ్లీ వింటావా? విను, నీ ఇష్టం, పది సార్లు విను!

గౌరీ! విన్నావా? నాగశ్రీ ఒప్పుకుంది! టిక్కు పెట్టీసింది! ప్రేమలీలగారూ, శ్రుతి తప్పిందండీ, మిక్సీ శ్రుతి తప్పింది!

మజ్జిగ తాగమ్మా. తాగాలి. పెట్టెలో నాను పెడతాను, నువ్వు టేపు వెయ్యి.

నాగశ్రీ, ఇలగ దగ్గరకి రా. ఒక్క మాట. లోపలికి వినపడకూడదు. నువ్వు నన్ను నమ్మి రాడ్డు పట్టుకున్నావు, నీ దగ్గర దాచకూడదు.

ఆ శబ్దం నాను వినలేదమ్మా.

నాను కూడా రాడ్డు పెట్టుకొని చూసేను, మూడు రోజులు. ఏం లేదు. దూదిలో పెట్టినట్టుంది. మరెలగ తెలిసిందంటావా? పచ్చడి తిప్పినప్పుడు మూత ఎగిరిపోకుండా అరచెయ్యి పెట్టి నొక్కుతాం కదా. అరచేతికి తెలిసింది. ఆపేక ఆ వణుకు తిన్నగా చావడంలేదు, ఆఖర్న ఒక పక్కకి ఒరిగి ఆగుతన్నాది. ముప్ఫయ్యేళ్ల అలవాటు చెవిలోంచి దిగి చేతిలోకొచ్చి కూర్చుంది కాబోలు. కానీ చెవికి తెలిసిందని చెప్పేను. ఏటి చెయ్యను? చెవిమీద కదా పందెం.

ఆ ఫోటోలో కళ్లు మూసుకొని వింటన్నాను చూడు? ఏం వినట్లేదమ్మా. వినపడాలని ఎదురు చూస్తన్నాను, అంతే. ఆ ఫోను వద్దన్నదే నయమయింది, అదొక్కటే నా అబద్ధం పట్టుకుంది.

గౌరి పొరపాటేం లేదు. పొద్దున్న తను పిలుస్తాది, నాను పలకను, తను కోపమనుకొని ఊరుకుంటాది. అది నాకు తెలుసు. అందుకని రేపో ఎల్లుండో, గెలిచినవాణ్ణి గెలిచినట్టే ఉండి, ఊరికే సరదాకని సీతమ్మధార వెళ్లి ఆ మిషను పెట్టించుకొచ్చీస్తాను. ఓడిపోయి వెళ్లడం వేరు, గెలిచి వెళ్లడం వేరు కదా? నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు.

ఏటమ్మా, నవ్వుతన్నావు? మజ్జిగ పొలమారిందా?

వెనక్కి చూడమంటావా?

గౌరీ... నువ్వు గుమ్మంలోకి ఎప్పుడొచ్చేవే? ఆ చేతిలో ఏటి, ఫ్రిజ్జు మీద కాయితమా? గోడ అవతల ప్రేమలీలగారు కూడా నవ్వుతన్నారేటి?

నాగశ్రీ, నాను గుసగుసగానే కదమ్మా చెప్పేను?

కాదా! వీధి చివరికా!

సరే. మిక్సీ పట్టుకెళ్లు తల్లీ, నీకింకా పధ్నాలుగిళ్లున్నాయి. గౌరీ, చెప్పులెక్కడున్నాయి? రేపెందుకులే, పద.