మెట్టెలు తియ్యకుండా తొడిగిన బూట్లు

"అమ్మమ్మా, నువ్వు బూట్లు కొన్న సంగతి మొదట్నుంచీ చెప్పు. ఫోన్లో రికార్డు పెట్టా."

పెట్టావా? సరే, ఇట్టా అరుగు మీద కూర్చో. ముందు ఆ కాలు చాపు. ఊఁ, అనుకున్నా. మడమ మీద బొబ్బ, చిటికెనవేలు కందిపోయింది. నిన్న గ్రౌండు నుంచి నువ్వు కుంటుకుంటా వత్తంటే చూశాలే. కానిస్టేబుల్ పరుగుకి ఇంకా నెలన్నర ఉందంటివి, ఇప్పుడే కాళ్ళు ఇట్టా చేసుకుంటే ఆ రోజు ఏం పరిగెత్తుతావే? అందుకే చెప్తా, విను. మీ అమ్మకి తెలుసుగానీ అది సగమే చూసింది, గోడ మీద నుంచి.

నా కాళ్ళు చూడు. సిగ్గేముంది, చూడు. వేళ్ళన్నీ దేనికది విడిపోయి, ముందు చేటంత వెడల్పు, వెనక సన్నం. పదమూడో ఏటి నుంచి నాపరాయి గనిలో మోశా గదా. మన మాచర్ల చుట్టూ రాయే, నీకు తెలీందేముంది. మీ తాత రాయి కోసేవాడు, నేను నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని బండి దాకా మోసేదాన్ని. ఆడోళ్ళకి రోజుకి రెండు రూపాయలు. కాదు కాదు, మొదట్లో రూపాయిన్నరే, రెండు తర్వాత చేశారు. చెప్పులు యాడియ్యి? రెంటచింతల పక్క గనికి పోయామంటే, ఎండాకాలం ఆ రాయి మీద కాలు పెడితే చుర్రుమనేది. అట్టా నడిచీ నడిచీ అరికాలు కూడా రాయే అయిపోయింది.

పెళ్ళికి మా నాన్న తోలు చెప్పులు కుట్టిచ్చాడు. అప్పట్లో పద్ధతేందంటే, చెప్పులు బిగువుగా కుట్టిచ్చుకోవాల. రాత్రి ఆముదం పట్టిచ్చి పెట్టుకుంటే, తొడిగిన నాలుగు రోజులకి ఎవురి కాలుకి తగ్గట్టు అయి సాగేయి. వదులుగా కుట్టిచ్చుకున్నోణ్ణి ఎర్రోడనేవాళ్ళు. ఇది గుర్తు పెట్టుకో, నా కొంప ముంచింది ఇదే.

ఏం చెప్తన్నా? ఆఁ, షుగరు. మూడేళ్ళ కిందట షుగరన్నారు. డాక్టరమ్మ రోజూ గంట నడవమంది, ఉత్త కాళ్ళతో మటుకు నడవబాకంది. కాలికి పుండు పడితే మానదంట. మా అక్కకి అట్టాగే జరిగింది, నువ్వు పుట్టకముందు. చెప్పు కరిచి చిన్న బొబ్బ లేచింది, అంతే. అది పుండైంది, వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. గనిలో నాకంటే పెద్ద రాయి మోసిన మనిషి, మంచంలో కూర్చుని నా కాళ్ళ వంక చూసేది. నేను చచ్చేదాకా నా కాళ్ళ మీద నేనే నడవాలని ఆ రోజు అనుకున్నా. అందుకనే కాలు జాగ్రత్త, బూట్లు కావాల అని బయల్దేరా.

ఇక్కడే బజారులో షాపుకి పోయా. ఆ కుర్రాడు మంచోడే, ఆరో నంబరు తెచ్చి, ఇది సరిపోద్ది పెద్దమ్మా అన్నాడు. నేను వింటేనా? ఐదు తీయమన్నా. ఇరుగ్గా ఉందిగా అంటాడు. ఒరేయ్, చెప్పులు సాగుతయ్యని మీకు తెలవదురా, మీరు నిన్న పుట్టారు, అన్జెప్పి ఐదే కొన్నా. ఇంటికొచ్చి రెంటికీ లోపలా బయటా ఆముదం పట్టిచ్చా. నవ్వు, నవ్వు. మీ అమ్మ కూడా ఇట్టాగే నవ్వింది.

అది తోలైతే గదా సాగేది. గుడ్డా, రబ్బరూ, జిగురూ. ఆముదం తాగి ఆ జిగురు ఊడొచ్చింది, ముందు అట్ట నోరు తెరిచింది. పైకి అంత జిడ్డైనా లోపల వెంట్రుకవాసి సాగలేదు. అయినా నేను మొండిదాన్ని, దారంతో కట్టుకుని వారం నడిచా. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అట్టా అయింది. ఇదిగో ఈ మెట్టె ఉంది చూడు, బొటనవేలి పక్కది, ఇది నొక్కుకుపోయి పక్క వేలు కోసుకుపోయింది. నాకు నొప్పి కూడా తెలవలేదు, షుగరు కాళ్ళు గదా. సాయంత్రం విప్పితే మేజోడు ఎర్రగా ఉంది.

భయమంటే అదేనమ్మా. మా అక్క మంచం కళ్ళ ముందు కనపడింది.

నెల రోజులు కట్టు కట్టిచ్చుకున్నా. మానింది, దేవుడి దయ. కానీ ఆసుపత్రిలో నర్సమ్మ ఒకటే మాట, మెట్టెలు తీసెయ్ మామ్మా, ఈ కాలంలో ఎవురు పెట్టుకుంటన్నారు అని. షాపు కుర్రాడూ అదే మాట. మీ అమ్మ కూడా అంది, కాదంటదేమో అడుగు. ఆఖరికి మీ తాత కూడా, మంచంలో అటు తిరిగి పడుకుని, "తీసెయ్యవే, నాకేం కాదులే" అన్నాడు.

నాకు కోపమొచ్చిందే. చానా కోపమొచ్చింది. ఆయనకేమన్నా అవుద్దని కాదు, అంత ఎర్రిదాన్ని కాదు నేను. పెళ్ళిపీటల మీద ఆయన ఈ వేలు పట్టుకుని తొడిగాడు. కాన్పులకి తియ్యలేదు. గనిలో రాయి పడి గోరు ఊడిపోయిన రోజున తియ్యలేదు. ఎవురో ఫ్యాక్టరీలో సన్న కాళ్ళోళ్ళకి కుట్టిన బూటు కోసం నేను తియ్యాల్నా? "నా కాలుకి బూటు రావాలగానీ, బూటుకి నా కాలు చెక్కుతారా?" అని అరిచా. ఆయన సంగతా? మాట్లాడడు, నీకు తెలుసుగా. రోజుకి పది మాటలు, అందులో నాలుగు మజ్జిగ గురించి.

మర్నాడు సాయంత్రం నేను పనంతా అయ్యి కాళ్ళు కడుక్కుని వత్తంటే, వాకిట్లో నాపరాయి మీద గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో సుద్దముక్క. ఇక్కడ నిలబడమన్నాడు. దేనికంటే చెప్పడు. నిలబడ్డా. బరువంతా ఏసి నిలబడు, దొంగ నిలబాటు నిలబడబాకు అన్నాడు. అని నా పాదం పట్టుకున్నాడే.

నీకు పెళ్ళి కాలేదు, నీకేం తెలుసు. మా ఇళ్ళల్లో మొగుడు పెళ్ళాం కాలు పట్టుకోడు. మెట్టెలు తొడిగిన రోజు పట్టుకున్నాడు, మళ్ళీ నలభై ఎనిమిదేళ్ళకి ఆ రోజే. ఎవురన్నా చూత్తే నవ్వుతారయ్యా, లెయ్యి అన్నా. అప్పటికే మీ అమ్మ గోడ మీద గడ్డం పెట్టి చూత్తానే ఉంది. "నలభై ఏళ్ళు రాయి కొలిచి కోసినోణ్ణి. కొలవకుండా కోస్తే పలక పగులుద్ది. నీ కాలు కొలవకుండా బూటెట్టా కొన్నావే?" అన్నాడు. అంత పెద్ద మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు నేను.

ఆయన గీసిన తీరు చెప్తా, ఇది నీకు పనికొచ్చే ముక్క. సుద్ద వంచకుండా నిట్టనిలువునా పట్టుకుని పాదం చుట్టూ గీశాడు. ఎడమది గీశాడు, కుడిది గీశాడు. ఎడమది కుడిదానికన్నా పెద్దదంట, అరవై ఆరేళ్ళు మోసుకు తిరిగిన కాళ్ళు, నాకే తెలవదు. మెట్టె కాడ ఒక చీపురుపుల్ల నిలబెట్టి, ఆ ఎత్తుకి పుల్లని గిల్లాడు. మళ్ళీ మర్నాడు పొద్దున కూడా గీశాడు. అదే కాలు, అదే రాయి, సాయంత్రం గీత పొద్దున గీతకి బయట పడింది. పొద్దల్లా తిరిగితే కాళ్ళు ఉబ్బుతయ్యంట. సాయంత్రం గీతనే పేపరు మీదకి దించి, మడిచి, ఆ పుల్ల అందులో పెట్టి జేబులో ఏసుకున్నాడు. పొలం కాగితాలు కూడా అంత జాగ్రత్తగా పెట్టలా ఎప్పుడూ.

ఇద్దరం నరసరావుపేట పోయాం. కావాలనే మధ్యాన్నం బస్సెక్కాం, సాయంత్రానికి కాలు ఉబ్బి ఉండాల గదా. అక్కడ షావుకారు పెద్దాయన, కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ పేపరు చూశాడు. నవ్వుతాడనుకున్నా. నవ్వలా. ఇన్నేళ్ళ వ్యాపారంలో నంబరు చెప్పేవాళ్ళే గానీ కాలు పట్టుకొచ్చినోళ్ళు లేరమ్మా అన్నాడు. బూటు లోపల మెత్తటి అట్ట ఉంటదే, అది బయటికి లాగి మీ తాత గీత మీద పెట్టాడు. గీత రెండు పక్కలా బయటికి వచ్చింది. ఇంకోటి, ఇంకోటి. ఆడోళ్ళ బూట్లు ఆ షాపులో ఉన్నయ్యన్నీ అయిపోయినయ్, ఒక్కదానిలో నా కాలు గీత పట్టలా. గులాబీరంగు, ఊదారంగు, ఎంత బాగుండినయ్యో. ఆడోళ్ళ కాళ్ళు ఎట్టుంటయ్యని అనుకున్నారో మరి ఆ కుట్టినోళ్ళు.

అప్పుడు నేనే అడిగా, మగోళ్ళయి తియ్యమని. షావుకారు మీ తాత మొహం చూశాడు. ఈయన, "తియ్యండి, బూటుకేం తెలుసు" అన్నాడు. మగోళ్ళ ఏడో నంబరు, వెడల్పు రకం, నల్లది. అట్ట పెడితే గీత మొత్తం లోపల పడింది. వేళ్ళ ముందు ఇంకా బొటనవేలంత ఖాళీ. అది ఉండాలంట, పరుగులో పాదం ముందుకి జారుద్దంట. మీ తాత లోపల చెయ్యి పెట్టి, పుల్ల నిలబెట్టి చూశాడు. పైగుడ్డకి తగల్లేదు. అప్పుడు పెద్ద కాలికే, ఎడమకాలికే, ముందు తొడగమన్నాడు షావుకారు. మేజోళ్ళు ఏసుకుని తొడిగా, మెట్టెలతో తొడిగా. మెట్టె కాడ తాడుని ఒక రంధ్రం వదిలేసి కట్టాడు షావుకారు, అక్కడ నొక్కకుండా.

లేచి నిలబడ్డానే. ఏం చెప్పను. కాలుకి ఏమీ లేనట్టుంది. నడిచా. షాపులో ఈ చివర నుంచి ఆ చివరకి పోయా. సరిపోలా, గుమ్మం దిగి రోడ్డు మీద అరటిపళ్ళ బండి దాకా పరిగెత్తి వచ్చా. షావుకారు కుర్రాడు, పెద్దమ్మ బూట్లతో పోతందని కంగారుపడి వెంట వచ్చాడు. మడమ జారలా, వేలు నొక్కలా. రెండు వేల రెండొందలంట. రూపాయిన్నర కూలిదాన్ని, అది ఎన్ని రోజుల కూలో లెక్కేసుకున్నా. మీ తాత నోరెత్తకుండా ఇచ్చేశాడు. మొదటివి ఎనిమిదొందలు పెట్టి ఆముదంలో కలిపా గదా, ఏ మొహంతో బేరమాడను?

అప్పట్నుంచి రోజూ కాలేజీ గ్రౌండే. నడక పోయి పరుగొచ్చింది. ఇంటికొచ్చినాక ఆయన నా కాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసేవాడు, యాడన్నా ఎరుపు ఉందేమోనని. రెండేళ్ళు, ఒక్క బొబ్బ లేదు.

మరి మొన్న పందెం నువ్వు చూడలా, గుంటూరులో ఉంటివి. అరవై దాటిన ఆడోళ్ళకి, గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. పదకొండు మందిమి. మగోళ్ళ బూట్లని ఒకామె నవ్వింది, తెల్లటి సన్న బూట్లు ఏసుకొచ్చింది ఆమె, రిటైరైన టీచరంట. మొదటి రౌండు ఆమే ముందు. రెండో రౌండులో ఆమె కాలు ఈడ్చడం చూశా. ఆ ఈడుపు నాకు తెలుసు, నేను ఈడ్చిందే. పాపం అనిపిచ్చింది, కానీ ఆగలా. మూడో రౌండులో దాటా. అప్పుడు, గేటు కాడ నుంచి ఎవురో, "లచ్చమ్మా, పో! లచ్చమ్మా!" అని కేక. మీ తాతేనే. యాభై ఏళ్ళలో నా పేరు పెట్టి పిలిచిందే లేదు. ఏమే, ఒసేయ్, ఇంతే. ఊరందరి ముందు పేరు పెట్టి అరుత్తన్నాడు, తుండుగుడ్డ తిప్పుతా. ఇంకెవురు పట్టుకుంటారు నన్ను?

ఫస్టు. ఆ స్టీలు బిందె అదే, ఇంట్లో బోర్లిచ్చింది. టీచరమ్మని పిలిచి ఈ కాగితం కిటుకు చెప్పా, వచ్చే ఏడు గట్టి పోటీ అవుద్దేమోలే, అవనీ. కానీ నీకు అసలు మాట చెప్పనా? గీత దాటినాక గుర్తొచ్చింది, ఆ మూడు రౌండ్లలో నా కాళ్ళ సంగతి నాకు ఒక్కసారి కూడా తలపుకి రాలేదని. మా అక్క గుర్తొచ్చింది అప్పుడు. అక్కడే కూర్చుని ఏడ్చా, సంతోషంగానే ఏడ్చాలే.

నీ బూట్లెట్టా కొన్నావు? చెప్పుల నంబరు చూసి, ఫోన్లో నొక్కి. ఆఁ. నేను ఆముదం పూశా, నువ్వు ఫోను నొక్కావు, తేడా ఏం లేదు. లే, లేచి నిలబడు. ఆ ఫోను రికార్డు ఆపబాకు, నడవనీ. ఏమయ్యా, ఆ సుద్ద ఇటు ఇయ్యి. నువ్వొద్దులే, దీనికి నేను గీత్తా. పొద్దు గూట్లో పడింది, కాలు ఉబ్బి ఉంటది, సరైన ఏళే. ఆ రాయి మీద పెట్టు. దొంగ నిలబాటు కాదు, బరువంతా ఎయ్యి. ఆఁ, అట్టా. కదలబాకు. నీ పరుగు రోజున నువ్వు గీత దాటేదాకా నీకు కాళ్ళున్నయ్యన్న సంగతే గుర్తు రాగూడదు తల్లీ. అదే నా దీవెన. ఇప్పుడు రెండోది పెట్టు.