సముద్రం తూముల కుక్కిన తువ్వాల

జరగండ్రి, జర దగ్గరికి జరగండ్రి. ఎల్లేశ్, ఆ బల్ల గిటు గుంజు. నాగేందర్, ఫోను జేబుల పెట్టు బిడ్డా, అది రేపు గూడ మోగుతది, ఈ ముచ్చట మాత్రం మల్ల దొరకదు. సత్తమ్మక్కా, పొయ్యి సన్నగ చేసి ఒక చెవు గిటేయి. మొయినాబాదుల నీ చాయ్ హోటల్ నడిచినన్ని రోజులు వచ్చినోళ్లు పోయినోళ్లు చెప్పుకునే ముచ్చట ఇది. గోవిందా అనుకొని మొదలుపెడుతున్న. ఇందుల ఒక్క ముక్క అబద్ధమున్నా ఆ చిలుకూరు బాలాజీ నా…

“ఒట్టు పెట్టకు మాణిక్యం. సామికి వేరే పనులు శాన ఉన్నయ్.”

సరే సత్తమ్మక్కా, నువ్వన్నవని ఒట్టు పెడతలేను. ఒట్టు లేకున్నా నిజం నిజమే కద.

ముందుగాల, ఇది ఇయ్యాలనే ఎందుకు చెప్తున్ననో వినుండ్రి. రేపు గణపతి నిమజ్జనం. మన ఎంకపల్లి చెరువు ఈ ఏడు అలుగు దుంకుతున్నది, నడిమిట్ల రెండు నిలువుల లోతున్నది. లారీ ట్యూబుల మీద వెదురు బొంగులు కట్టి తెప్ప తయారుచేసిన్రు. గణపతిని పట్టుకొని ఆ తెప్ప మీద నడిమిట్లకు పోయేటోడు ఎవ్వడన్నది పొద్దుగూకేలోపు నాగేందర్ తేల్చాలె, యూత్ సంఘానికి ప్రెసిడెంట్ ఆయన్నే కాబట్టి. మా బాపు మైసయ్య ఆ తెప్ప మీద ముప్పై ఏండ్లు నిలవడ్డడు. బాపు పోయినంక నేనేం చేస్తున్న? కట్ట మీద నిలవడి అందరి చెప్పులకు కావలి ఉంటున్న. యాభై రెండేండ్లు మీదవడ్డయ్. ఈసారి ఆ తెప్ప నాకే కావాలె. నీళ్లల్ల నా సంగతేందో తెల్వకనే మీరు నన్ను చెప్పుల కాడ నిలవెడుతున్నరు. గందుకే చెప్తున్న, వినుండ్రి, విని మీరే తేల్చుండ్రి.

మా చెల్లె కొడుకు శ్రీకాంత్ మీకు ఎరికే. గండిపేట తొవ్వల అద్దాల బిల్డింగు లేచింది చూడు, దాంట్ల సాఫ్ట్‌వేర్ నౌకరి. పోయిన నెల వచ్చి, ‘మామా, మా ఆఫీసోళ్లం వైజాగ్ పోతున్నం, సముద్రం లోపటికి పోయి చేపలు పడతం, వస్తవా?’ అన్నడు. సముద్రం నన్ను ఎన్నడు చూడలే కద, పాపం దానికీ ఒక్కసారి చూపిద్దామని బయలెల్లిన.

పడవల పది సీట్లు. వాళ్లు ఏడుగురు, నాతోటి ఎనిమిది. పడవ నిండితెగాని కదలదట! పడవ నడిపే సరంగు ఒడ్డు మీద నిలవడి ‘ఇంకిద్దరు, ఇంకిద్దరు’ అని ఒర్రుతున్నడు. అచ్చం మన చేవెళ్ల షేరింగ్ ఆటోనే అనుకోండ్రి, డ్రైవర్‌కు అటొకడు ఇటొకడు యాలాడుడొక్కటే తక్కువ. ఆఖరికి ఎవరో ఇద్దరు దొరికిన్రు, కదిలినం.

“మామా, పోయిన నెల శ్రావణం కద? ఏ వారం పోయిన్రు?”

ఎల్లేశ్ పట్టిండు చూడుండ్రి. శ్రావణ శనివారం! మా ఇంటామె కౌసల్యమ్మ తలుపుకు అడ్డం నిలవడ్డది, ‘నెలంత నీసు ముట్టనోనివి, సామి వారం నాడు చేపలు పడతవా?’ అని. నేనన్న, ‘పట్టుడు వేరు, తినుడు వేరు. పడితే సామికే అప్పజెప్త’ అన్న. సామి పేరు చెప్పినంక ఆమె ఏమంటది, పక్కకు జరిగింది.

ఇగ పడవల సరంగు నారింజ రంగు జాకెట్లు పంచిండు. నీళ్లల్ల పడ్డా తేలనిచ్చే జాకెట్లు. నాకొకటి తొడిగిండు. చంకల కాడ బిగిసింది. ‘మొసలికి జాకెట్ ఎందుకురా’ అని ఇప్పి అవతల పారేసిన.

“నీకు ఈతొచ్చా మామా? నిన్ను నీళ్లల్ల మేమెన్నడు చూడలే.”

దిష్టి తగుల్తది నాగేందర్, గందుకే మనిషి లేనప్పుడు దుంకుత. చిన్నప్పుడు మన పక్కనున్న ప్రొద్దుటూరు నుంచి రెండు దూడలను తోలుకొస్తుంటే గండిపేట చెరువు అడ్డమొచ్చింది. చుట్టు తిరిగి ఎవడు పోవాలె? చెరొక భుజం మీద ఏసుకొని ఈ కొస నుంచి ఆ కొసకు ఈదిన. తడవకుంట.

“దూడలు తడవకుంటనా?”

దూడలేంది ఎల్లేశ్, నేనే తడవలే.

సరే, సముద్రం కాడికొద్దాం. పడవ లోపటికి పోయినంక నేను మొదలు దేవులాడింది కట్టను. ఎటు చూసినా నీళ్లే, కట్ట కనవడదు. సరంగును అడిగిన, ‘అన్నా, దీని తూము ఎక్కడున్నది? నీళ్లు ఇడిచిపెట్టే నీరటి ఎవరు?’ అని. ఆయన నా దిక్కు చూసి, శ్రీకాంత్ దిక్కు చూసి, ‘ఈయనకు జర నిమ్మకాయ వాసన చూపియ్యండి’ అన్నడు. మన ఎంకపల్లి చెరువంత దానికే నీరటి ఉంటడు, ఇన్ని నీళ్లకు తూము లేకుంట ఎట్ల ఉంటది? గదే మనసుల పెట్టుకున్న. మీరు గూడ మనసుల పెట్టుకోండ్రి, పనికొస్తది.

అందరు గాలాలేసిన్రు. శ్రీకాంత్ ఆఫీసుల అశ్విని అని ఒక పిల్ల, ఆ పిల్ల గాలానికి వేలంత చేప పడ్డది. అందరు చప్పట్లు! నేను లోపట నవ్వుకొని, కండ్లు మూసుకొని, ‘గోవిందా’ అని నా గాలం ఏసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

పడవ ఉరికింది. ఇంజన్ బందున్నది, పడవ ఉరుకుతున్నది! నా గాలానికి పడ్డది గుంజుకపోతున్నది మమ్ముల. సరంగు స్టీరింగు ఇడిచిపెట్టి దండం పెడుతున్నడు. మా ముంగట మూడంతస్తుల ఓడ పోతుంటే దాన్ని గూడ దాటేసినం. దాటే ముంగట నేను చెయ్యి బయటపెట్టి చూపిచ్చిన, ఎక్కడైనా రూలు రూలే.

గట్ల పోంగ పోంగ అది నెత్తి పైకెత్తింది. సత్తమ్మక్కా, కండ్లు ఆర్టీసీ బస్సు లైట్లంత! ఒక్కొక్క పొలుసు నీ ఇంట్ల చాటంత. మీసం బాయి మోకంత.

“చేపకు మీసమా?”

జెల్లకు మీసం లేదా అక్కా? ఇది జెల్లకు ముత్తాత. మీసం పట్టుకొని దుంకి దాని మెడ మీద కూసున్న, గుర్రం మీద కూసున్నట్టు. అది నన్ను ఏసుకొని ఒక్కటే మునుగుడు, సముద్రం అడుగుకు!

“ఊపిరెట్ల మామా? ఎంతసేపు బిగవట్టినవ్?”

విష్ణు సహస్రనామం ఒక్కసారి పూర్తయింది నాగేందర్. ఫలశ్రుతితో సహా.

అడుగుకు పోయి చూస్తె, నేనేం చెప్పిన మీకు? కట్ట! మన కట్ట తీరుగనే రాతి కట్ట. కట్ట కింద తూము. యుగాల సంది ఆ తూముకు ఆ చేప తోకనే అడ్డమున్నది. దాన్ని నేను గాలంతోటి గుంజుకచ్చిన కద, ఇంకేమున్నది, తూము ఇచ్చుకున్నది. సముద్రం బుడబుడమని పాతాళానికి దిగుతున్నది! పైన ఓడలన్ని బురదల బర్రెలు కూసున్నట్టు కూలబడ్డయ్. వైజాగోళ్లు బకెట్లు పట్టుకొని ఉరికొస్తున్నరు, రొయ్యలేరుకుందామని. ఇంకో గడియ అయితే సముద్రమంత మైదానమైతుండె, గండిపేట తీరుగ దాంట్ల గూడ ప్లాట్లు చేస్తుండిరి.

“మరి ఎట్ల ఆపినవ్?”

తువ్వాలతోటి! భుజం మీద ఎర్ర అంచు తువ్వాల ఉన్నది. ఉండ చుట్టి, ‘ఆపద్బాంధవా’ అని తూముల కుక్కిన. టక్కున ఆగింది. మన దేశానికి మూడు దిక్కుల సముద్రం ఇయ్యాల్టికి ఉన్నదంటే ఆ తువ్వాల పుణ్యమే. ఇంకా ఆడనే ఉన్నది అది.

అప్పుడు ఆ చేప రెండు రెక్కలు జోడించి, ‘మాణిక్యం గారండీ, యుగాల డ్యూటీ నుంచి విడిపించారు, ఇవాళ శనివారం కదండీ, నన్ను వదిలెయ్యండి’ అన్నది.

“గట్ల మాట్లాడిందా?”

వైజాగ్ చేప ఎల్లేశ్, మన తీరుగ ఎట్ల మాట్లాడ్తది? అన్నది గదా, ‘మీ ఊరి పక్కన వీసాలిప్పించే చిలుకూరు స్వామి ఉన్నారటగా, అమెరికా సముద్రానికి నాకు వీసా కావాలండీ’ అని. వచ్చినంక దాని పేరు మీద పదకొండు ప్రదక్షిణలు చేసిన. కోరిక తీరినంక చేసే నూటెనిమిది మాత్రం అదే వచ్చి చేసుకోవాలె, నాతోటి కాదు. ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పుండ్రి, సముద్రం తూము మూసినోనికి మన చెరువు ఒక లెక్కనా?

“కడుపు నొస్తున్నది మామా, ఇగ నవ్వలేను. నువ్వు చెప్పినదాంట్ల వందల ఒకటి నిజమైనా మంచి ఈతగానివే. రేపు తెప్ప మీద నువ్వే. ఖాయం.”

విన్నరా? నాగేందర్ నోటితోటి విన్నరా? బాపూ, మైసయ్య బాపూ…

“అన్నా, నువ్వు కుక్కిన తువ్వాల గిదేనా, జర చూడు.”

ఎవరది? నా వెనక బల్ల నుంచి వచ్చింది ఆ మాట. తువ్వాల గూడ వచ్చి నా ఒళ్లె పడ్డది. ఎర్ర అంచు. కొసకు గట్టిగ ముడేసిన ముడత ఇంకా పోలే. వెనక్కి తిరుగకముందే నాకు సమజైంది.

గిద్యోనూ! నువ్వెప్పుడొచ్చినవ్ తమ్మీ?

“నువ్వు పడవ ఎక్కకముందే వచ్చిన అన్నా. చేవెళ్ల ఆటో నిండలేదని కూసున్న.”

“ఎవరు మాణిక్యం ఈయన?”

సత్తమ్మక్కా, ఈయన… చేవెళ్లల బట్టలు కుడ్తడు. చుట్టాల పెండ్లికి వైజాగ్ వచ్చి, సముద్రం చూద్దామని మా పడవ ఎక్కిండు. పదో సీటు ఈయనదే. తమ్మీ, చాయ్ తాగు, ఆటో నిండినట్టున్నది…

“పోనియ్యి అన్నా, ఇంకొకటి వస్తది. నాగేందర్ పటేలా, నేను చాయ్ తాగి సప్పుడు చేయక పోదామనుకున్న. ఈ అన్న ముచ్చట వింటుంటే నాకు గూడ మస్తు ఖుషైంది. కని రేపు తెప్ప మీద ఈయన్నే అంటిరి చూడు, ఇగ ఆగలేకపోయిన. పడవల పది మందిమి, జాకెట్లు తొమ్మిదే ఉండె. ఆఖరికి ఎక్కింది నేను, నాకు లేదు. ఈ అన్న నా మొకం చూసి, ‘ఈతొస్తదా?’ అన్నడు. రాదన్న. ‘నేను నీళ్లల్ల మొసలిని, నాకెందుకు’ అని తన జాకెట్ ఇప్పి నాకు తొడిగి, దారాలు గూడ తనే కట్టిండు. పారెయ్యలేదు. నాకిచ్చిండు.

“అర్ధ గంటకు అలలు లేచినయ్. చూస్తె ఈయన పడవ కడ్డీ పట్టుకొని, కండ్లు మూసి, వణుకుతున్నడు. ‘అన్నా, నీకు నిజంగ ఈతొచ్చా?’ అన్న. నా చెవుల చెప్పిండు, ‘తమ్మీ, మోకాలు లోతుకే నాకు కండ్లు తిరుగుతయ్’ అని. జాకెట్ వాపస్ ఇస్తే తీసుకోలే. ఇగ నేనేం చెయ్యాలె? నా భుజం మీదున్న ఈ తువ్వాల ఒక కొస నా చేతికి, ఒక కొస ఆయన చేతికి ముడేసిన. మూడు గంటలు గట్లనే కూసున్నం. ఆయన గోవిందా అంటడు, నేను యేసయ్యా అంట. సరంగు అన్నడు, ‘మీరిద్దరు ఇంత గట్టిగ పిలిస్తె ఇంజన్ సప్పుడు వినవడుతలేదు’ అని. చేప? పడవ మొత్తానికి ఆ పిల్లకు పడ్డ వేలంతదే. అది గూడ ‘శనివారం అవ్వా, నీ కాల్మొక్త, ఇడిచిపెట్టు’ అని ఆ పిల్లను బతిమిలాడి ఈయనే ఇడిపిచ్చిండు.

“అన్నా, కోపం చెయ్యకు. రేపు నేను చేవెళ్లల ఉంట. తువ్వాల కట్టెతందుకు ఎవ్వరుండరు.”

చూసిన్రా, ఎల్లేశ్ నవ్వుతలేడు. సత్తమ్మక్క పాలు పొంగుతున్నయ్, ఆమె చూస్తలేదు. అక్కా, పాలు!

నిజమే. బాపు ఈతగాడు. నాకు రాలే. ఏడేండ్లప్పుడు అదే చెరువుల ఒకసారి మునిగిన, ఆనాటి సంది కట్ట దిగలే. ఒక్కసారన్న బాపు నిలవడ్డ జాగల నిలవడాలని ఉండె, గంతే.

“మామా, రేపు నువ్వు జారి పడితే మాకు తెల్వకనే పోయేటిది. ఈదుతున్నవనుకొని కట్ట మీద చప్పట్లు కొట్టేటోళ్లం.”

నిజమే నాగేందర్. నేను గూడ చెయ్యి ఊపేటోన్ని గావచ్చు, చప్పట్లు వినవడితే.

“తెప్ప మీదికి ఎల్లేశ్ పోతడు, నీళ్లల్ల పుట్టినోడు. నువ్వు కట్ట మీదనే. కని చెప్పుల కాడ కాదు మామా, మైకు కాడ. ఊరేగింపు బయలెల్లిన కాడికెల్లి గణపతి మునిగేదాక మైకు నీదే. ఎంత మాట్లాడ్తవో మాట్లాడు.”

మైకా? నాకా? గోవిందా, గోవిందా! బాపుకు గూడ ఎన్నడు మైకియ్యలే. గిద్యోనూ, ఇటు రా, నా పక్కకు కూసో. సత్తమ్మక్కా, తమ్మికి ఇంకో చాయ్, మీగడేసి.

ఇగ అందరు ఇండ్లకు పోతరు, ఇంట్లోళ్లు ముచ్చటేందని అడుగుతరు. చేపను మరువుండ్రి. తూమును మరువుండ్రి. సహస్రనామం గూడ మరువుండ్రి, నాకు సగమే వస్తది. ఒక్కటే యాదిపెట్టుకోండ్రి. ఈత రాని మనిషి, జాకెట్ ఇద్దరిని మోస్తదో లేదో తెల్వని మనిషి, ఎవరో ముక్కు మొకం తెల్వనోన్ని తన చేతికి కట్టుకున్నడు. అది చెప్పుండ్రి. ఎల్లేశ్, ఎట్ల చెప్తవో ఒకసారి అను, విందాం.

“చేవెళ్ల గిద్యోను సముద్రంల మాణిక్యం మామను తువ్వాలతోటి తన చేతికి కట్టుకున్నడు.”

ఆ, గంతే. పిల్లలకు చెప్పినా, చుట్టాలకు చెప్పినా గట్లనే చెప్పుండ్రి. దానికి జానెడు గూడ కలపకుండ్రి. అది ఉన్నకాడికే నా చేపకంటె పెద్దగున్నది.