ఇమబారి కొలువు

గల్ఫ్‌లోని జెబెల్ అలీ కార్మికుల క్యాంపులో వెల్డర్ రాజలింగుకు బామ్మర్ది ఫోన్‌లో జపాన్ ఊరొకటి చూపిస్తున్నాడు.

"ఇదే ఇమబారి, బావా. సముద్రం ఒడ్డున నాలుగువందల ఏండ్ల కోట. కందకంల సుత సముద్రపు నీళ్లే, చేపలు తిరుగుతయట."

"భూకంపాలొస్తయంటరు గదరా?"

"వస్తయి. అక్కడోళ్లు బతుకుతలేరా? తువ్వాళ్ల మిల్లులు, ఓడల కార్ఖానాలు. నీ అసొంటి వెల్డర్లే గావాలంట."

 

"సరే, భూమి ఊగితే ఊగనియ్. పాస్‌పోర్టు ఎవలకియ్యాలె?"

"ఎవలకియ్యద్దు. నీ తాన్నే ఉంటది."

"నా తాన్నా?"

పన్నెండేళ్లుగా అది కంపెనీ బీరువాలోనే ఉంది.

"నాతోని గాదురా. నేను పోగొట్టుకుంటే, మల్ల ఇంటికెట్ల వోవాలె?"